ప్రయోగం ఒకటి, పేర్లు అనేకం: ప్రొఫెషనల్ రెజ్లింగ్ పరిభాషపై ఒక విమర్శ

ప్రొఫెషనల్ రెజ్లింగ్ పదజాలం గందరగోళంగా ఉంటుందన్న ఫిర్యాదు పాతదే. ఒకే ప్రయోగానికి మూడు నాలుగు పేర్లుంటాయి. ఒకే పేరు రెండు భిన్న ప్రయోగాలను సూచిస్తుంది. పరిభాషా నిర్మాతలు దీనికి చెప్పే మందు ఒక్కటే: ప్రతి ప్రయోగానికీ ఒక ప్రామాణిక నామాన్ని నిర్ణయించి, తక్కినవాటిని పర్యాయపదాలుగా పక్కన పెట్టడం. ఓయ్‌గెన్ వ్యూస్టర్ 1931లో ప్రచురించిన గ్రంథంతో పునాది పడిన పరిభాషాశాస్త్రం ‘ఒక భావనకు ఒకే పదం’ అన్న ఆదర్శాన్ని నిలబెట్టింది. యంత్రభాగాల విషయంలో ఆ ఆదర్శం ఉపకరించింది. దానినే రెజ్లింగ్‌కు యథాతథంగా అన్వయిస్తే గందరగోళం తగ్గదు సరికదా, దాని కారణమే మరుగున పడుతుంది.

ఈ పదజాలంలో పనిచేస్తున్నవి రెండు వేర్వేరు నామకరణ పద్ధతులు. మొదటిది వర్ణనాత్మకం. దేహంలో ఏ భాగాన్ని పట్టాలి, ఎటు ఎత్తాలి, ఎలా పడవేయాలి అన్నది ఇది చెబుతుంది. రెండవది ముద్రానామం. ఆ ప్రయోగం ఎవరిదో మాత్రమే ఇది చెబుతుంది. ప్రత్యర్థికి వీపు తిప్పి, అతని తలను భుజం మీదుగా చేత్తో బిగించి, తాను నేలకొరుగుతూ అతని ముఖాన్ని రింగ్ నేలకు తాకించే ప్రయోగానికి వర్ణనాత్మక నామం ‘కట్టర్’. జపానులో జానీ ఏస్ దానిని ‘ఏస్ క్రషర్’ అన్నాడు. డైమండ్ డల్లాస్ పేజ్ చేతిలో అది ‘డైమండ్ కట్టర్’ అయింది. రాండీ ఓర్టన్ తన పూర్తి పేరులోని మూడు పొడి అక్షరాలతో దానిని ‘ఆర్‌కేవో’ చేశాడు. ఈ మూడూ పర్యాయపదాలు కావు; మూడు సంతకాలు. స్టీవ్ ఆస్టిన్ ‘స్టన్నర్’ కూడా అదే పట్టుతో మొదలవుతుంది. కానీ అతడు నేల మీద కూలబడతాడు, ప్రత్యర్థి దవడ అతని భుజానికి తగులుతుంది. పట్టును మాత్రమే చూసే పదపట్టిక ఈ రెండింటినీ ఒకే గాటన కడుతుంది.

సంతకం కనుకనే ముద్రానామం సంస్థతో పాటు మారుతుంది. డబ్ల్యూడబ్ల్యూఈలో బ్రాక్ లెస్నర్ ప్రయోగించిన ‘ఎఫ్-5’ అతడు జపాను రింగులోకి వెళ్ళాక ‘వర్డిక్ట్’ అయింది. ప్రయోగంలో మార్పు లేదు. పేరు వెనుక ఉన్న వ్యాపార హక్కుల పరిధి మారింది. దీనిని భాషాపరమైన అరాచకంగా భావించడం రోగనిర్ణయంలోనే పొరపాటు.

అసలు గందరగోళం పదాలు భాషల సరిహద్దు దాటినప్పుడు పుడుతుంది. ‘సూప్లెక్స్’కు మూలం మృదుత్వాన్ని, వంగే గుణాన్ని తెలిపే ఫ్రెంచి పదం. అమెరికాలో ‘బ్రెయిన్‌బస్టర్’ అంటే ప్రత్యర్థిని తలకిందులుగా ఎత్తి తల మీదుగా దించేది. జపానులో అదే మాట వీపు మీద పడవేసే సాధారణ నిలువు సూప్లెక్స్‌కు వాడుకలో ఉంది. తల మీదుగా దించే దానికి ‘నిలువు పతనం’ అన్న అర్థమిచ్చే విశేషణాన్ని ముందు చేరుస్తారు. జూడోలో ‘ఉరానగె’ ప్రత్యర్థిని ఎత్తి తన వెనుకకు విసిరే విద్య. రెజ్లింగ్‌లో అదే పేరు ప్రత్యర్థిని ముందువైపు వెల్లకిలా పడవేసే ప్రయోగానికి స్థిరపడింది. ‘ప్రామాణిక నామం’ కోరేవారు ఏ దేశపు వాడుకను ప్రమాణంగా గ్రహిస్తారో చెప్పవలసి ఉంటుంది. వారి పట్టికలు ఆ ప్రశ్నను అడగకుండానే అమెరికా వాడుకను ప్రమాణం చేస్తున్నాయి.

ఫలితం ముందే నిర్ణయమైన ప్రదర్శనకు ఇంత పరిభాషా చర్చ ఎందుకన్న ఆక్షేపం ఉంది. ఫలితం నిర్ణీతమే కావచ్చు, వెన్నెముక నిర్ణీతం కాదు. ‘పైల్‌డ్రైవర్’ అన్న ఒకే మాట కూర్చుని దించే పద్ధతినీ, ‘టూంబ్‌స్టోన్’ అన్న విశేషణంతో మోకాళ్ళ మీద దించే పద్ధతినీ కలుపుకొంటుంది. 1997 ఆగస్టు 3న ‘సమ్మర్‌స్లామ్’లో ఓవెన్ హార్ట్ స్టీవ్ ఆస్టిన్‌ను టూంబ్‌స్టోన్ పట్టుతో ఎత్తి, మోకాళ్ళ మీద వాలడానికి బదులు కూలబడ్డాడు. తొడల కన్నా కిందికి ఉన్న ఆస్టిన్ తల నేలను తాకింది; మెడకు తీవ్రమైన గాయమై అతని శరీరం కొంతసేపు కదలలేదు. ఆ ప్రమాదానికి పదమే కారణమనడం అతిశయోక్తి. కానీ ఒక మనిషి మెడను కాపాడే భేదమేదో అది ప్రధాన నామంలో లేదు, దిగే తీరులో ఉంది. ఆ భేదాన్ని నమోదు చేయని పరిభాష దేనిని నమోదు చేసినట్టు?

తెలుగులోకి ఈ పదజాలాన్ని తేవాలనుకునేవారికి ఇక్కడ హెచ్చరిక ఉంది. ‘కుస్తీ పట్లు’ అన్నప్పుడు బిగించడం, ఎత్తి వేయడం, పడదోయడం అన్నీ ఆ మాటలో ఇమిడిపోతాయి. ‘ఉడుంపట్టు’లో మాత్రం పట్టుకు విడవని బిగింపు అన్న అర్థమే ఉంది. అన్నిటికీ ‘పట్టు’ అని రాసే నిఘంటువు, ‘బ్రెయిన్‌బస్టర్’ను మాటకు మాటగా అనువదించే నిఘంటువు ఒకే తప్పు చేస్తాయి. అవి పేరును అనువదిస్తాయి, పనిని వదిలేస్తాయి. బిగింపుకు ‘పట్టు’, ఎత్తి వేయడానికి ‘విసురు’, కొట్టడానికి ‘దెబ్బ’ అని వర్గం నిర్ణయించి, పట్టిన చోటు, ఎత్తిన దిశ, దిగిన తీరు చేర్చడమే వర్ణన. ముద్రానామాలను వ్యక్తినామాలుగానే గుర్తించి, అనువదించకుండా, ఎవరిది, ఏ దేశంలో, ఏ కాలంలో అన్న సూచనతో నమోదు చేయాలి.

ఈ పద్ధతి తెలుగుకు కొత్త కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలలోని ప్రాంతీయ భేదాలను చెరిపివేయలేదు. ఏ మాట ఎక్కడిదో చూపుతూ నమోదు చేసింది. నాగలికి దక్కిన గౌరవం రెజ్లింగ్ ప్రయోగానికి దక్కకూడదనడానికి శాస్త్రీయ కారణం లేదు. వైవిధ్యాన్ని దోషంగా చూసే పరిభాష చక్కని పట్టికను ఇవ్వగలదు. ఆ పట్టికను నమ్ముకున్న పాఠకుడికి రింగ్‌లో జరుగుతున్నదేమిటో మాత్రం అర్థం కాదు.