కీలులో చీముకు రిఫరల్ చీటీ మందు కాదు

మిర్చి ఏరే కాలంలో మహబూబాబాద్ తండాల్లో నడుం పట్టేయడం వింతేమీ కాదు. ఆర్‌ఎంపీ నొప్పి సూది వేస్తాడు, నాలుగు బిళ్లలిస్తాడు, మర్నాడు మళ్లీ చేనికే. కానీ ఆ కూలీ హెచ్‌ఐవీకి ఏఆర్‌టీ మందులు వాడుతున్న మనిషై, వారాలు గడిచినా నొప్పి తగ్గక, పొద్దుగూకేసరికి ఒళ్లు వెచ్చబడుతుంటే వెన్నుపూస క్షయను అనుమానించాల్సిందే. దగ్గు లేకపోవచ్చు. కళ్లె పరీక్షలో ఏమీ దొరక్కపోవచ్చు. ఏఆర్‌టీ కేంద్రాల్లో దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటల గురించి అడుగుతారు. నడుం నొప్పి గురించి కూడా తప్పకుండా అడగాలి. ఆలస్యమైతే పూసలు కూలి, వెన్నుపాము నలిగి, కాళ్లు పడిపోతాయి.

కీళ్లలో చీము పడితే ఆ మాత్రం వ్యవధి కూడా ఉండదు. మోకాలి మృదులాస్థి రోజుల్లోనే పాడవుతుంది. యాంటీబయాటిక్ ఒక్కటే చాలదు, చీము తీసేయాలి. పేచీ వచ్చేది ఇక్కడే. రక్తపరీక్ష రిపోర్టులో హెచ్‌ఐవీ అని చూశాక కత్తి పట్టడానికి జంకి, ‘వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి పోండి’ అని చీటీ రాయడం వైద్యం కాదు. భూపాలపల్లి నుంచి వరంగల్ 60 కిలోమీటర్ల పైమాటే. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు తెరిచింది ఈ చీటీలు రాయడానికా?

హెచ్‌ఐవీ ఉందన్న కారణంతో వైద్యం నిరాకరించడం నేరుగా చట్ట ఉల్లంఘన. 2017లో చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. అత్యవసర వైద్యం విషయంలో, ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ వీలైతే 24 గంటల్లోనే ఉత్తర్వు ఇవ్వాలని అందులోనే రాసి ఉంది. సర్జన్ల భయాన్ని కొట్టిపారేయలేం, సూది గుచ్చుకునేది వాళ్లకే. అయితే గ్లౌజులు, కళ్లద్దాలు, గుచ్చుకున్న 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాల్సిన నివారణ మందులు సమకూర్చే బాధ్యతనూ అదే చట్టం ఆస్పత్రిపై పెట్టింది. అవి అర్ధరాత్రి కూడా ఆపరేషన్ థియేటర్లో చేతికందాలి.

ఇక వెన్నుపూస క్షయ సంగతికొస్తే, క్షయ విభాగానికీ ఏఆర్‌టీ కేంద్రానికీ మాటలుండాలి. క్షయ మందు రిఫాంపిసిన్ మొదలుపెడితే, హెచ్‌ఐవీకి వాడే డోలుటెగ్రావిర్ రోజుకు రెండుసార్లు వేసుకోవాలి. ఈ సంగతి రోగికి ఎవరూ చెప్పకపోతే హెచ్‌ఐవీ మందు బలం తగ్గిపోతుంది.

ఈ మూడు జిల్లాల కలెక్టర్లు ఆర్థో ఓపీ గోడమీద అంబుడ్స్‌మన్ ఫోన్ నంబరు తెలుగులో, పెద్దక్షరాల్లో రాయించాలి. హెచ్‌ఐవీ రోగిని ఎంజీఎంకు పంపితే, ఎందుకు పంపారో సూపరింటెండెంట్ సంతకంతో రాసివ్వాలి.