కాలు మోపుదామంటే... నేలేదీ!

శ్రీహరికోటలో రాకెట్ లేస్తోందంటే సూళ్లూరుపేటలో జనం డాబాలెక్కుతారు. 2013 నవంబరు 5న మధ్యాహ్నం 2 గంటల 38 నిమిషాలకు పీఎస్‌ఎల్‌వీ-సి25 అలాగే నిప్పులు చిమ్ముతూ లేచింది. అందులో ఉన్నది మంగళయాన్. 2014 సెప్టెంబరు 24న అది అంగారకుడి కక్ష్యలోకి చేరింది.

ఈ తీరం (అప్పట్లో నెల్లూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా) నుంచి మరో గ్రహానికి వెళ్లింది ఇప్పటికి అదొక్కటే. చంద్రయాన్‌లు జాబిల్లి దాకా, ఆదిత్య సూర్యుణ్ని చూడ్డానికి. తర్వాతి వంతు శుక్రుడిది. అంగారకుడైనా శుక్రుడైనా రాతి గ్రహాలే. మరి గ్రహాలన్నింటిలోకీ పెద్దవాడు గురుడి సంగతేంటి?

అక్కడికెళ్తే దిగడానికి నేలే లేదు!

బుధుడు, శుక్రుడు, భూమి, అంగారకుడు... సూర్యుడికి దగ్గరగా ఉన్న ఈ నాలుగూ రాయీ ఇనుమూ కలిసిన గట్టి ముద్దలు. ఆవల గురుడు, శని ప్రధానంగా హైడ్రోజన్, హీలియం వాయువుల గోళాలు. (యురేనస్, నెప్ట్యూన్‌లలో నీరు, అమ్మోనియా, మీథేన్ పాలు ఎక్కువ. అందుకే వాటిని మంచు దిగ్గజాలంటారు.) గురుడి బరువు 318 భూములంత! శని సాంద్రత నీటికన్నా తక్కువ. అంత పెద్ద సముద్రం దొరికితే శని తేలుతుందని చెబుతుంటారు. వినడానికి బాగుంటుందిగానీ, నిజంగా వేస్తే తేలేది బంతి కాదు, చెదిరిపోయే వాయువే.

ఒకే సూర్యుడి చుట్టూ పుట్టినవాటికి ఇంత తేడా ఎందుకు? కారణం వేడి. సుమారు 460 కోట్ల ఏళ్ల కిందట సూర్యుడి చుట్టూ ధూళి, వాయువులు పళ్లెంలా తిరుగుతుండేవి. దగ్గర్లో వేడికి నీరు, మీథేన్ గడ్డకట్టలేదు. రాయి, లోహం రేణువులే మిగిలాయి. అవి ఉన్నదే కొంచెం కాబట్టి గ్రహాలూ చిన్నవే అయ్యాయి. దూరంగా చలి. అక్కడ మంచూ తోడైంది. ముద్దలు భూమికి పదింతల దాకా పెరిగి, చుట్టూ ఉన్న వాయువును లాగేసుకున్నాయి. పొయ్యి పక్కన పెట్టిన ఐసు కరుగుతుంది, దూరంగా ఉన్నది నిలుస్తుంది. అంతే సూత్రం.

నేల లేదనడం ఉత్తమాట కాదు. 1995 డిసెంబరు 7న నాసా గెలీలియో నౌక విడిచిన ఓ పరికరం గురుడి మేఘాల్లోకి దూకింది. పారాచూట్‌తో దిగుతూ గంటసేపు సమాచారం పంపింది. ఎంత దిగినా వాయువే! ఒత్తిడి, వేడి పెరిగి చివరికి మూగబోయింది. 1970 డిసెంబరు 15న శుక్రుడి మీద దిగిన రష్యా వెనెరా-7కూ బతుకు కొద్దిసేపే. కానీ అది నేలను తాకింది.

వెళ్లడమూ తేలిక కాదు. మంగళయాన్ పది నెలల్లో చేరింది. 2011లో బయల్దేరిన జునోకు గురుణ్ని చేరడానికి అయిదేళ్లు పట్టింది. పైగా అక్కడ పడే ఎండ మన దగ్గరి ఎండలో 27వ వంతు. మంగళయాన్ సౌరఫలకాలు అంగారకుడి వద్ద 840 వాట్లు ఇచ్చేలా తయారయ్యాయి. అవే ఫలకాలు గురుడి దగ్గరైతే సుమారు 70 వాట్లే ఇస్తాయి. ఓ పాతకాలం బల్బుకు సరిపోతుందేమో! అందుకే జునోకు ఒక్కోటి 9 మీటర్ల పొడవున్న మూడు రెక్కలు కట్టారు.

అలాగని ఆ వైపు గట్టి నేలే లేదనుకోవద్దు. ఆ పెద్దగ్రహాల చందమామలకు ఉంది. 2005 జనవరి 14న హైగెన్స్ శని ఉపగ్రహం టైటాన్ మీద దిగింది కూడా. శనికి ఇలాంటి ఉపగ్రహాలు, చిన్నాపెద్దా కలిపి, 2025లో 274కు చేరాయి. లోపలి నాలుగు గ్రహాలకూ కలిపి మూడే!

శుక్రయాత్రకు కేంద్ర మంత్రివర్గం 2024 సెప్టెంబరులో ఆమోదం తెలిపింది. ఖర్చు 1,236 కోట్ల రూపాయలు. లక్ష్యం 2028 మార్చి.