బాకీ ప్రభుత్వానిది, తాకట్టు మాది

మేము హైదరాబాదులో విశ్వవిద్యాలయ అనుబంధ కళాశాల ఒకదానిలో ఎం.బి.ఏ. చదివినవాళ్లం. ఐసెట్ రాసి బి.సి.-ఇ కోటాలో సీట్లు పొందాం. వెనుకబడిన ముస్లిం వర్గాలకు 2007 చట్టం కల్పించిన ఆ 4 శాతమే లేకుంటే, ఆటో నడిపే తండ్రుల, జర్దోజీ పనిచేసే తల్లుల బిడ్డలమైన మాకు బ్యాలెన్స్ షీటు ముఖమే తెలిసేది కాదు.

అప్పు ఎవరిదో పద్దుల్లో స్పష్టంగా ఉండాలన్నది అక్కడ మేము నేర్చిన తొలి పాఠం. ఫీజు రీయింబర్స్‌మెంట్ సొమ్ము కళాశాలకు చెల్లించవలసింది ప్రభుత్వం. అది చెల్లించలేదు. కళాశాల మా ఒరిజినల్ సర్టిఫికెట్లను అట్టిపెట్టుకుంది. అలా అట్టిపెట్టుకోరాదని యు.జి.సి. 2018లోనే ఆదేశించింది, ఆ కాగితం చూపితే గుమాస్తా నవ్వాడు. అధ్యాపకులకు జీతాలివ్వలేని యాజమాన్యపు ఇబ్బందిని మేము కాదనం. అయితే బాకీదారును వదిలి మమ్మల్ని పట్టుకోవడమేమిటి?

మాలో ఒకరికి ఉద్యోగపు పత్రాల పరిశీలన గడువు దాటిపోయింది. మరొకరి తండ్రి వడ్డీకి తెచ్చి పత్రాలు విడిపించారు. వడ్డీ హరామని ఎరిగిన ఆ ఇంట ఆ రాత్రి ఎవరూ అన్నం ముట్టలేదు.

బకాయిలన్నీ ఒక్కసారిగా తీర్చలేమంటే, చదువు ముగించినవారి వాటానైనా ప్రభుత్వం ముందుగా విడుదల చేయాలి. పత్రాలు మాత్రం ఈ నెలలోనే మా చేతికి రావాలి.