సెలవులకు ఏ ఊరో ఇంటావిడనే చెప్పనివ్వండి

సెలవులు పిల్లలకు వస్తాయి, ఉద్యోగాలు చేసేవాళ్లకు వస్తాయి. వంటింటికి మాత్రం రావు. పైగా ఇంట్లో అందరికీ సెలవులైతే మనకు పని రెండింతలు.

మా వేంపల్లె వైపు ఆడవాళ్ల ప్రయాణాలు మూడే: పుట్టిల్లు, పెళ్లిళ్లు, దేవుడి మొక్కులు. శ్రావణ శనివారాలు గండి అంజన్న దగ్గరికి పోతాం, వీలైతే తిరుపతి పోతాం. పోవాల్సిందే, కాదనను. కానీ మొక్కు వేరు, విశ్రాంతి వేరు. గుడి ప్రయాణమంటే తెల్లవారుజామున అందరినీ లేపడం, తలస్నానాలు చేయించడం, క్యూలో అత్తమ్మను, పిల్లలను కనిపెట్టుకోవడం. తిరిగొచ్చినాక విడిచిన బట్టల మూట కూడా మనదే.

అందుకే నేననేది ఒక్కటే. ఏడాదికి ఒక్కసారి, మూడు రోజులు చాలు, ఏ మొక్కూ లేకుండా ఊరికే చూసి రావడానికి ఒక పట్నం పోదాం. అది ఏ పట్నమో ఇంటావిడ చెప్పాలి.

నన్నడిగితే ఎండాకాలానికి మొదటి ఓటు మైసూరుకే. సముద్రమట్టానికి దాదాపు 2,500 అడుగుల ఎత్తులో ఉంటుంది కాబట్టి మన కడప ఎండల నుంచి పోయిన ప్రాణానికి హాయిగా ఉంటుంది. పాత చెక్క ప్యాలెస్ 1897లో కాలిపోతే, ఇప్పుడున్నది 1912 నాటికి కట్టారు. ఆదివారం సాయంత్రం ప్యాలెస్ మొత్తానికి దీపాలు వెలిగిస్తారు, ప్రయాణం ఆ రోజు కలిసేలా పెట్టుకోండి. జూ మంగళవారం మూసేస్తారు. చాముండి కొండకు వెయ్యికి పైగా మెట్లున్నాయి కానీ బస్సు పైదాకా పోతుంది, పెద్దవాళ్లకు ఇబ్బంది లేదు. మైసూరు పట్టు నేసే ప్రభుత్వ ఫ్యాక్టరీ చూడండి. కొనకపోయినా ఫర్వాలేదు, మనం కట్టుకునే చీర మగ్గం మీద ఎట్లా పుడుతుందో చూడటమే ఒక ముచ్చట. దసరాకు మాత్రం వద్దు, చంటిపిల్లలతో ఆ జనంలో నిలవలేం.

చలికాలంలో హైదరాబాదు బాగుంటుంది. కడపలో రాత్రి వెంకటాద్రి ఎక్కితే తెల్లారేసరికి కాచిగూడ. చార్మినార్, 1591 నాటిది, అందరూ చూస్తారు. మీరు సాలార్‌జంగ్ మ్యూజియానికి ఒక పూట పూర్తిగా ఇవ్వండి. పాలరాతిలో ముసుగు వెనక ముఖం కనిపించేలా చెక్కిన రెబెక్కా బొమ్మ ముందు నిలబడితే కదలబుద్ధి కాదు. శుక్రవారం సెలవని గుర్తుంచుకోండి. గోల్కొండలో కింద వాకిట్లో చప్పట్లు కొడితే పైన కొండ మీద వినిపిస్తుంది. పిల్లలకు చరిత్ర పుస్తకం కంటే అదే గుర్తుండిపోతుంది.

సముద్రం చూడని పిల్లలుంటే విశాఖపట్నం. దూరమే, కానీ మన ఎండిన పాపఘ్ని ఇసుక చూసి పెరిగిన పిల్లలు అన్ని నీళ్లు ఒక్కసారి చూడాలి. అక్కడ ఆర్‌కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి లోపలికి పోయి చూడొచ్చు, సోమవారం తప్ప. అలల్లోకి మాత్రం దిగనివ్వొద్దు.

ఇక షరతులు. చిత్రాన్నం, చెనిక్కాయల పొడి మొదటి రాత్రి రైలుకే. ఆ తర్వాత మూడు రోజులు గరిటె పట్టేది లేదు. రోజుకు రెండు చోట్లు చాలు, మధ్యాహ్నం పడుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, బంధువుల ఇంట్లో దిగొద్దు. లాడ్జి ఖర్చు మిగులుతుందనేది నిజమే. కానీ మగవాళ్లు హాల్లో కూర్చుంటే మనం ఆ ఇంటి వంటింట్లో ఉల్లిగడ్డలు తరుగుతుంటాం. పాపం, ఆ ఇంటావిడకూ సెలవు పోతుంది.

డబ్బులెక్కడివి అంటారు. సబబైన ప్రశ్నే. నెలకు 1,000 రూపాయలు పక్కన పెడితే ఏడాదికి 12,000. మైసూరులో మామూలు లాడ్జి, బస్సులు, రైళ్లలో జాగ్రత్తగా తిరిగేవాళ్లకు అది చాలావరకు ఆదుకుంటుంది. ప్రొద్దుటూరులో దొరికే చీర అక్కడ కూడా కొనకుంటే ఇంకొంత మిగులుతుంది. ఏడాదికి ఒక ఫంక్షన్‌కు పెట్టే చదివింపులు లెక్కేసుకుంటే ఇది దుబారా అనిపించదు.

ఇంకొందరు ‘అన్నీ ఫోన్‌లోనే కనపడుతున్నాయి కదా’ అంటారు. ఫోన్‌లో చూసేది పొయ్యి మీద కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టుకుంటూనే కదా! అది విశ్రాంతి ఎట్లా అవుతుంది?

నాకు ఇందులో ఆడపిల్లల సంగతే పెద్దగా కనిపిస్తుంది. ‘మీ నాయన యాడికంటే ఆడికే’ అనే మాట విని మనం పెరిగినాం. మన కూతుళ్లు, అమ్మ ఒక ఊరు పేరు చెబితే ఇంట్లో అందరూ సరే అని బ్యాగులు సర్దుకోవడం చూడాలి. కొడుకులు ఇంకా ఎక్కువ చూడాలి. రేపు వాళ్ల ఇంట్లోనూ ఒక ఇంటావిడ ఉంటుంది. కాబట్టి ఎవరో అడుగుతారని ఎదురుచూడకుండా, ఈ వారమే క్యాలెండర్‌లో మూడు రోజులు గుర్తుపెట్టి ఊరి పేరు రాసేయండి.