కొత్త ఫీచర్లు ఆగాలి, పాత కోడ్ బాగుపడాలి

పాత మల్టీప్లేయర్ గేమ్ ప్రాజెక్టులను నడుపుతున్నవారికి, వాటిలో చేరాలనుకునే ప్రోగ్రామర్లకు విజ్ఞప్తి

2013లో వచ్చిన జీటీఏ ఆన్‌లైన్ తెరుచుకోవడానికి చాలా కంప్యూటర్లలో నిమిషాలకు నిమిషాలు పట్టేది. ఆటగాళ్లు ఏళ్ల తరబడి విసుక్కుంటూనే ఎదురుచూశారు. 2021లో ఒక ప్రోగ్రామర్ సోర్స్ కోడ్ చేతిలో లేకపోయినా, నడుస్తున్న ప్రోగ్రామునే విప్పి చూసి కారణం పట్టుకున్నాడు. ఆటలో అమ్మే సరుకుల జాబితా 10 మెగాబైట్ల ఫైలు. అందులో సుమారు 63,000 వస్తువులున్నాయి. ఒక్కో విలువ చదవబోయే ప్రతిసారీ ఆ ఫైలులో ఇంకా ఎంత మిగిలిందో ప్రోగ్రాము చివరిదాకా లెక్కపెడుతోంది. ఆపైన, ఒక్కో వస్తువు జాబితాలో ఇదివరకే ఉందేమోనని ముందున్న వాటన్నిటితో పోల్చి చూస్తోంది. మొత్తం దాదాపు 198 కోట్ల పోలికలు! ఈ రెండూ సరిచేయగానే అతని కంప్యూటర్లో ఆరు నిమిషాల నిరీక్షణ రెండు నిమిషాల లోపుకు దిగింది. ఆట తయారుచేసిన రాక్‌స్టార్ కంపెనీ లోపాన్ని ఒప్పుకుని, అదే ఏడాది మార్చిలో సవరణ విడుదల చేసింది. అతనికి 10,000 డాలర్ల బహుమతి కూడా ఇచ్చింది.

సరుకులు పెరిగాయి గానీ, వాటిని చదివే కోడ్ వైపు ఎవరూ తిరిగి చూడలేదు. డబ్బుకు కొదవలేని ప్రాజెక్టులోనే ఇలా జరిగితే, తీరిక వేళల్లో స్వచ్ఛందంగా నడిచే ప్రాజెక్టుల సంగతి వేరే చెప్పాలా?

పట్టించుకోని కోడ్ తెచ్చే నష్టం ఆడేవాళ్లతోనే ఆగదు. క్వేక్ అనే ఆట తరహా సర్వర్‌ను ‘ఏ మ్యాప్ నడుస్తోంది, ఎవరెవరు ఆడుతున్నారు’ అని ఎవరైనా అడగవచ్చు. ప్రశ్న చిన్న ప్యాకెట్, జవాబు చాలా పెద్దది. అడిగేవాడు తన చిరునామాకు బదులు మరొకరిది పెడితే జవాబులన్నీ వెళ్లి ఆ మరొకరి మీద పడతాయి. ఈ పద్ధతిలో క్వేక్ ప్రోటోకాల్ దాడి తీవ్రతను 63.9 రెట్లు పెంచగలదని అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ యూఎస్-సర్ట్ 2014 జనవరి హెచ్చరికలో లెక్కగట్టింది. ఎక్కడో ఎవరో పట్టించుకోకుండా వదిలేసిన గేమ్ సర్వర్, ఆటతో ఏ సంబంధమూ లేనివారి వెబ్‌సైటును కూల్చే ఆయుధమవుతుంది.

మరి దారి ఏమిటి? అంతా పారేసి మొదటి నుంచి రాద్దామని ఉత్సాహవంతులు అంటారు. నెట్‌స్కేప్ ఆ పనే చేసింది. 1997లో నాలుగో వెర్షన్ ఇచ్చాక బ్రౌజర్‌ను తిరగరాయడానికి పూనుకుని, 2000 నవంబరు దాకా తర్వాతి పెద్ద వెర్షన్ ఇవ్వలేకపోయింది. ఈలోగా మార్కెట్ మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లిపోయింది. పాత కోడ్‌లో వికారంగా కనిపించే చాలా వరుసలు ఎప్పుడో ఎవరికో ఎదురైన ఇబ్బందికి వేసిన మందులు. వాటిని పారేస్తే ఆ రోగాలన్నీ మళ్లీ మొదలవుతాయి.

సరైన దారికి నమూనా ఐఓక్వేక్3 ప్రాజెక్టు. ఐడీ సాఫ్ట్‌వేర్ 1999లో తెచ్చిన క్వేక్ 3 అరీనా సోర్స్ కోడ్‌ను 2005 ఆగస్టులో జీపీఎల్ లైసెన్సు కింద విడుదల చేసింది. దాన్ని చేపట్టిన స్వచ్ఛంద ప్రోగ్రామర్లు విండోస్‌కు, లినక్స్‌కు, మ్యాక్‌కు వేర్వేరుగా ఉన్న కోడ్ స్థానంలో ఎస్‌డీఎల్ లైబ్రరీని తెచ్చారు. 64 బిట్ యంత్రాల మీద నడిచేలా చేశారు. సర్వర్ జవాబులకు పరిమితి పెట్టారు. నెట్‌వర్క్ ప్రోటోకాల్‌ను 68 నుంచి 71కి మార్చినా, 68తో ఆడే పాతవారికి తలుపు మూయలేదు. ట్రెమ్యులస్, ఓపెన్ అరీనా వంటి ఆటలు ఈ పునాది మీదే నిలిచాయి.

శుభ్రతకూ హద్దుంది. క్వేక్ 3లో సెకనుకు 125 ఫ్రేముల దగ్గర ఆటగాడు మామూలుకంటే ఎత్తు ఎగురుతాడు. వేగాన్ని పూర్ణాంకాలకు సవరించే లెక్కలో పుట్టిన లోపమది. కానీ ఆటగాళ్లు ఏళ్లపాటు సాధన చేసి దాన్ని నైపుణ్యంగా మలచుకున్నారు. అడగకుండా దాన్ని దిద్దితే వాళ్ల ఆటే పోతుంది. బయటికి కనిపించే ప్రవర్తన మారకుండా లోపలి అమరికను చక్కదిద్దడమే రీఫ్యాక్టరింగ్. ప్రవర్తన మార్చాల్సి వస్తే అది వేరే నిర్ణయం, ఆటగాళ్లకు ముందే చెప్పి చేయాలి.

అందుకే ప్రతి పాత ప్రాజెక్టూ ఈ ఐదు పనులు చేపట్టాలి.

1. ఒక విడుదల మొత్తాన్ని శుభ్రతకే కేటాయించాలి. అది పూర్తయ్యే దాకా కొత్త ఆయుధాలు, కొత్త మ్యాపులు వద్దు.

2. చెయ్యి పెట్టే ముందే పరీక్షలు రాయాలి. ఓపెన్‌టీటీడీ అనే ఆటను కలిసి ఆడేటప్పుడు ప్రతి కంప్యూటరూ అదే ఆటను విడిగా లెక్కిస్తుంది. సర్వర్ లెక్కతో తేడా వస్తే తెలిసిపోతుంది. ఇటువంటి సరిచూసే ఏర్పాటు ఉంటేనే మార్పు ఏదైనా పాడుచేసిందో లేదో తేలుతుంది.

3. నెట్‌వర్క్ కోడ్‌తో మొదలుపెట్టాలి. బయటినుంచి వచ్చే ప్రతి ప్యాకెట్ పొడవునూ, ప్రతి ఫైలు పేరునూ అనుమానించి తనిఖీ చేయాలి.

4. మార్పులు చిన్నచిన్నగా ఉండాలి. ఇండెంటేషన్ సరిచేసే కమిట్‌లో లాజిక్ మార్పు కలపకూడదు. రివ్యూ చేసేవారికి అసలు మార్పు కనపడాలి.

5. దిద్దిన తప్పును మూల ప్రాజెక్టుకు పంపాలి. సర్వర్ నుంచి దిగిన ఫైలు ఆటగాడి కంప్యూటర్లో ప్రోగ్రాముగా నడిచే ప్రమాదం 2017లో ఐఓక్వేక్3లో బయటపడింది. అదే మూలం నుంచి వచ్చిన కోడ్ వాడే ఓపెన్ అరీనా, ఓపెన్‌జేకే వంటివన్నీ ఒకేసారి ప్రమాదంలో పడ్డాయి. ఎవరి ఫోర్క్ వారిదే అనుకుంటే ఇలాంటి గాయాలు ఒకచోట మానినా మరోచోట మిగులుతాయి.

హైదరాబాద్, విశాఖ, విజయవాడ ఇంజినీరింగ్ విద్యార్థులకు ఇందులో ప్రత్యేక అవకాశముంది. ఉద్యోగంలో చేరాక వారు రోజూ తెరిచేది ఎక్కువగా ఇతరులు ఎప్పుడో రాసిన కోడే. ఎవరో వాడే వ్యవస్థను పాడుచేయకుండా బాగుచేసే విద్య ప్రాజెక్టు వర్క్ కోసం కొనితెచ్చుకున్న కోడ్‌తో రాదు. ఐఓక్వేక్3, ఓపెన్‌టీటీడీ, ఫ్రీసివ్ సోర్స్ కోడ్ అందరికీ ఉచితంగా దొరుకుతుంది. ఒకదాన్ని దించుకుని కంపైల్ చేయండి. కంపైలర్ ఇచ్చే వార్నింగుల్లో ఒక్కదానికి కారణం వెతికి, దిద్ది, ఆ ప్యాచ్‌ను ఈ వారమే పంపండి.