ఎవరి ఆట చూసి నేర్చుకోవాలి?

ఆదివారం పూట మా పాప కర్నూలుకు చెస్ క్లాసుకి పోయి, సాయంత్రం బస్సుకు మిడుతూరు చేరుతుంది. పోయిన నెల ఒకరోజు వస్తూనే సంచీ మంచమ్మీద పడేసి, "అమ్మా, నేనింక ఆడను" అంది. మూడు వారాలుగా అన్నీ ఓటములేనట. నోటుపుస్తకం తీసి చూపించింది. సిసిలియన్ నైడార్ఫ్ అట, ఇరవై ఎత్తులు కంఠతా పట్టమన్నారట. ఎదుటి పిల్లవాడు ఎనిమిదో ఎత్తులో పుస్తకంలో లేనిది వేశాడా, ఇక మా పిల్లకు కాళ్లూ చేతులూ ఆడవు. "ఎందుకే ఇదే?" అంటే, "కాస్పరోవ్ ఆడినాడంట కదమ్మా" అంది.

నాకూ చదరంగం కాస్త వచ్చు. మా నాయన అరుగుమీద అన్నకు నేర్పుతుంటే పక్కన కూచుని నేర్చుకున్నదాన్ని. పెద్దమనిషినయ్యాక ఆ అరుగుమీద కూచోనివ్వలేదు. డిగ్రీ దాకా చదివించారు గానీ, ఆట అక్కడే ఆగిపోయింది. అందుకే "ఆడను" అన్న మాట నాకు ముల్లులా గుచ్చుకుంది.

వెంటనే నాకు తట్టిన పేరు కోనేరు హంపి. గుడివాడలో పుట్టి, 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయిన పిల్ల. 2017లో తల్లయింది, మళ్లీ బోర్డు ముందుకొచ్చి 2019లో, 2024లో ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయింది. ఆడపిల్లకు ఇంతకన్నా ఏం కావాలి? కానీ మా పాప, "ఆమె ఆట ఒక్కటైనా చూసినావా నువ్వు?" అనేసింది. తలదించుకున్నాను. చీర కొనేటప్పుడు కొంగు దాకా విప్పి చూసేదాన్ని, ఇక్కడ పేరు చూసి మెచ్చేశాను!

ఇప్పుడు ఎవరి ఆటలైనా ఫోన్లో ఉచితంగా దొరుకుతున్నాయి. రాత్రిపూట అంట్లు కడిగాక ఇద్దరం బోర్డు పెట్టుకున్నాం. జుడిత్ పోల్గార్ రాజు ముందు బంటును రెండు గళ్లు తోసి దాడికి దూకుతుంది. చూడ్డానికి భలే ముచ్చట. హంపి ఎక్కువగా రాణి ముందు బంటుతో మొదలుపెట్టి నిదానంగా బిగిస్తుంది. పది ఆటలు చూసేసరికి ఒకే రకం బంట్ల అమరిక మళ్లీ మళ్లీ కనబడింది. ఇట్లాంటిదయితే బట్టీ తక్కువ, అర్థం చేసుకునేది ఎక్కువ. తెల్లపావులకు ఆమే చాలంది మా పాప.

నల్లపావులకు ఇంకొకరిని వెతికాం. రెండూ ఒకరి దగ్గరే నేర్చుకోవాలని ఎక్కడుంది? పాతకాలం బోట్విన్నిక్ ఆడిన కారో-కాన్ దొరికింది. అందులో బిషప్పును ముందు బయటికి పంపి, తర్వాతే బంటుతో తలుపు మూస్తారు. మా పాపకు వెంటనే పట్టుబడింది. 1960లో తాల్‌కు టైటిల్ పోగొట్టుకుని కూడా ఆయన ఆ ఓపెనింగును వదల్లేదు, 1961లో మళ్లీ దాన్నే ఆడి టైటిల్ తిరిగి తెచ్చుకున్నాడు.

మన వరంగల్ అబ్బాయి అర్జున్ ఇరిగేసి ఆటంటే నాకెంతో ఇష్టం. కానీ ఇవాళ ఒకటి, రేపొకటి ఆడే వాళ్లను అనుకరించడం పిల్లలకు కష్టం. ఏళ్లపాటు రాజు ముందు బంటే తోసిన ఆనంద్, 2008లో క్రామ్నిక్‌తో పోటీలో ఉన్నట్టుండి రాణి ముందు బంటుకు మారాడు. వాళ్లకు సాయం చేసే బృందాలుంటాయి, మా పిల్లకు ఒక నోటుపుస్తకం, ఒక అమ్మ.

ఓడిన ఆటలూ చూడాలంటాను. 2025లో బటూమిలో ప్రపంచ కప్పు ఫైనల్లో హంపి దివ్యా దేశ్‌ముఖ్‌కు ఓడిన ఆటను మా పాప రెండుసార్లు వేసి చూసింది.

క్లాసులో అందరికీ ఒకే ఓపెనింగు ఎందుకని అడిగితే, "ఇవన్నీ మీకెందుకమ్మా?" అన్నారు. అడగడం నేను మానలేదు, మీరూ మొహమాటపడకండి.

మొన్న ఆదివారం ఒక ఆట డ్రా చేసుకొచ్చింది. కాళ్లు కడుక్కుని అరుగుమీద బోర్డు పరిచి, నల్లపావులు నావైపు పెట్టింది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, అయినా కూచున్నాను. తను రాణి ముందు బంటును రెండు గళ్లు జరిపి, నా మొహంలోకి చూసింది.