రెండున్నర గురిగింజల ఎత్తు

ఈ సంక్రాంతికి మా మేనల్లుడు టెక్సాస్ నుంచి రావులపాలెం వచ్చేడు. వచ్చిన మర్నాడు అరిసెల పళ్ళెం ముందు పెట్టుకుని, "మావయ్యా, ఒక మిషను కొందామనుకుంటున్నాను. ఏది కొనాలో నువ్వు చెప్పాలి" అన్నాడు. కొబ్బరి పీచు తీసే యంత్రం కాబోలు అనుకున్నాను. కాదట. పిస్తోలు తూటాలు చేసుకునే ప్రెస్సు!

పెద్దన గురించి అడిగితే నాలుగు మాటలు చెప్పగలను గాని, తూటాల సంగతి నాకేమెరుక? అయితే వాడు నన్నడగడానికి కారణం వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. "మావయ్యగారూ, మీరు వద్దంటే మానేస్తారు" అంది వాడి భార్య. ఆ అమ్మాయి చంకలో రెండేళ్ళ పాప.

పాఠకులకు ముందే ఒక మాట. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం నేరం. కనుక ఇది చదివి ఎవరూ సరంజామా కోసం బయలుదేరవద్దు సుమండీ! అమెరికాలో సొంత వాడకానికి కేంద్ర ప్రభుత్వపు లైసెన్సు అక్కరలేదు, అమ్మకానికైతే కావాలి. మావాడిది పోటీల సరదా. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌చౌ ఆసియా క్రీడల్లో పతకాలు తెచ్చింది పిస్తోలుతోనే గదా!

మావాడు వారానికి 300 తూటాలు పేలుస్తాడు. అంటే ఏడాదికి 15,600. పేలిన తూటాకు ఇత్తడి తొడుగు మిగులుతుంది. దాన్ని నొక్కి పాత కొలతకు తెచ్చి, అడుగున కొత్త ప్రైమరు, లోపల మందు, పైన గుండు పెడితే మళ్ళీ తూటా. ఒక్కొక్క పనీ విడివిడిగా చేసే సాదా ప్రెస్సు మీద గంటకు 50 నుంచి 100 అవుతాయి. ప్రోగ్రెసివ్ ప్రెస్సులో పళ్ళెం తిరుగుతూ ఉంటుంది. నాలుగైదు తొడుగులకు నాలుగైదు పనులు ఒకేసారి జరుగుతాయి. పిడి లాగినప్పుడల్లా ఒక తూటా రాలుతుంది. ఆ మూడు వందలూ గంటలో తేలిపోతాయి.

"బాగానే ఉంది. మందు ఎంత పడుతుంది?" అన్నాను.

తొమ్మిది మిల్లీమీటర్ల తూటాకు సాధారణంగా నాలుగైదు గ్రెయిన్లట. పౌనుకు 7,000 గ్రెయిన్లు. కంసాలి భాషలో చెప్పాలంటే రెండున్నర గురిగింజల ఎత్తు! కొన్ని రకాల మందు రెండు మోతాదులు పడినా తొడుగులోంచి పొర్లదు. పైన గుండు కూర్చున్నాక ఇక కంటికి కనబడదు. అది పేలితే పిస్తోలు చేతిలోనే పగలవచ్చు. అసలు మందే పడకపోతే మరో గండం. ప్రైమరు బలానికే గుండు కదిలి పిస్తోలు గొట్టంలో ఇరుక్కుంటుంది. తెలియక వెనకనే రెండోది పేల్చితే అంతే సంగతులు.

నాకు మా బాబాయి కుడిచెయ్యి జ్ఞాపకం వచ్చింది. నా చిన్నతనంలో దీపావళికి చిచ్చుబుడ్లు ఇంట్లోనే కూరేవారు. సూరేకారం, గంధకం, బొగ్గు, బీడు. కూరేటప్పుడు మాట్లాడకూడదని మా తాతగారి శాసనం. ఒక ఏడు అరటి గెలల ధర చెప్పడానికి ఎవరో వస్తే బాబాయి లేచి వెళ్ళేడు. తిరిగి వచ్చి, ఎక్కడ ఆపేడో మరిచి, మళ్ళీ కూరేడు. ఆ రాత్రి ఆ బుడ్డి పూలు పూయలేదు, పేలింది. నేటికీ ఆయన అన్నం ఎడమచేత్తోనే తింటారు. 2025 అక్టోబరులో మండపేట దగ్గర రాయవరంలో బాణసంచా కేంద్రం పేలి, పనికి వెళ్ళినవాళ్ళు మరణించిన సంగతి మనమింకా మరువలేదు. మందుకు మన వేళాకోళాలు తెలియవు.

మావాడు రెండు బొమ్మలు చూపించేడు. రెండూ ఆరిజోనాలోని డిల్లన్ వారివే. 550 రకానికి నాలుగు స్థానాలు; పళ్ళెం మనమే తిప్పాలి. 750 రకానికి అయిదు. పళ్ళెం దానంతటదే తిరుగుతుంది.

"తిప్పడం మరిచిపోతే?"

"అదే తొడుగులో మళ్ళీ మందు పడుతుంది."

"దానంతటదే తిరిగితే?"

"ఆ మరుపు ఉండదు. కాని మధ్యలో ఏదైనా ఇరుక్కుంటే, సర్దేటప్పుడు పొరపాటు రావచ్చు."

"అయిదో స్థానం దేనికి?"

"మందు మట్టం తేడా వస్తే కూతపెట్టే పరికరం బిగించుకోవచ్చు."

"అయితే వేగం కోసం కాదు, ఆ కూత కోసం అయిదు స్థానాలది కొను" అన్నాను.

షరతులు కాగితం మీద రాయించేను. రెండో మోతాదు పడితే పొర్లిపోయేంత గుల్ల మందే వాడాలి. ప్రతి తొడుగులోకీ కన్ను పడేలా పైన దీపం ఉండాలి. బల్లమీద ఒక్క రకం మందే ఉండాలి. ఏదైనా ఇరుక్కుంటే పళ్ళెం మీది తొడుగులన్నీ తీసేయాలి. గదికి తాళం వేయాలి. సీసం ధూళి అంటిన చేతులు కడుక్కోనిదే పాపను ఎత్తుకోకూడదు. ఆఖరిది తాతగారి శాసనం: మాట్లాడకూడదు, ఫోను ఎత్తకూడదు.

"వద్దనమంటే, మీరు దగ్గరుండి కొనిపించేరా?" అని ఆ అమ్మాయి నావైపు అదోలా చూసింది. కాగితం మాత్రం తీసుకుని పెట్టెలో దాచుకుంది.

మొన్న టెక్సాస్‌కు ఫోను చేశాను. ఆ అమ్మాయే ఎత్తింది. "ఆయన గదిలో ఉన్నారు మావయ్యగారూ. ఇప్పుడు మాత్రం పిలవను" అంది.

నేను మారుమాటాడకుండా ఫోను పెట్టేశాను.